ఆర్మీ నుంచి వచ్చి సర్పంచ్ అయ్యాను: మొదటి మూడు నెలల్లో ఏమేం చూసుకోవాలి?

పల్లె_సిపాయి:
అందరికీ నమస్తే. 17 ఏళ్ల సర్వీసు తర్వాత నాయక్‌గా డిశ్చార్జి తీసుకున్నాను. వయసు 37. డిసెంబర్ 2025 ఎన్నికల్లో మా ఊరికి సర్పంచ్‌గా గెలిచాను. తెలంగాణలో 2,300 జనాభా, 10 వార్డుల పంచాయతీ మాది. దాదాపు రెండేళ్లు స్పెషల్ ఆఫీసర్ పాలనలో ఉంది. ఉప సర్పంచ్, ఆరుగురు వార్డు సభ్యులు నాకు పోటీగా నిలిచిన వర్గం వాళ్లు.
తెలిసినవాళ్లు చెప్పాల్సినవి ఇవి: ఛార్జ్ తీసుకునేటప్పుడు ఏ రికార్డులు చూడాలి? ఒక పని మొదలుపెట్టి బిల్లు వచ్చేదాకా వరుస ఏంటి? గౌరవ వేతనం తీసుకుంటే పెన్షన్‌కు ఏమైనా ఇబ్బందా? ఎక్స్ సర్వీస్‌మెన్ కోటాలో పెట్టిన ఉద్యోగ దరఖాస్తు ఒకటి పెండింగ్‌లో ఉంది, అది వస్తే ఏం చేయాలి?

కార్యదర్శి_డైరీ:
సర్పంచ్ గారూ, శుభాకాంక్షలు. యూనిట్‌లో స్టోర్ ఛార్జ్ మారేటప్పుడు లెడ్జర్ ఒక చేత్తో పట్టుకుని సామాను ఒక్కొక్కటీ లెక్కపెడతారు కదా, ఇక్కడా అదే చేయండి. చాలామంది కొత్త సర్పంచులు దండలు, ఫొటోలు అయ్యాక కాగితం చూడకుండా సంతకం పెట్టేస్తారు. ఆ తర్వాత ఆడిట్‌లో తేలిన లోటుకు జవాబు చెప్పుకోలేక తిరుగుతారు.

ముందు క్యాష్ బుక్ తెరవండి. చివరి నిల్వను అదే తేదీ నాటి ట్రెజరీ, బ్యాంకు ఖాతాల స్టేట్‌మెంట్లతో పోల్చండి. తేడా ఉంటే ఎక్కువసార్లు కారణం, పంచాయతీ ఇచ్చిన చెక్కు ఇంకా పాస్ కాకపోవడమే. ఆ చెక్కుల జాబితా విడిగా రాయించండి. తర్వాత ఇంటి పన్ను డిమాండ్, వసూలు, బకాయి రిజిస్టరు. రశీదు పుస్తకాల వరుస నంబర్లు చూడండి, మధ్యలో ఒక పుస్తకం కనిపించకపోతే అక్కడికక్కడే రాతపూర్వకంగా నోట్ చేయించండి. ఓచర్ ఫైళ్లు, ఎంబీలు (పనుల కొలతల పుస్తకాలు), స్టాక్ రిజిస్టరు ఆ తర్వాత. ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు కళ్లారా చూడండి. ఇంజను నంబరు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ గడువు, లాగ్‌బుక్‌లో చివరి రీడింగ్, మీటరు మీద రీడింగ్ సరిపోవాలి. డీజిల్ బిల్లులు ఎక్కువగా ప్రశ్నకు వచ్చేది లాగ్‌బుక్ ఖాళీగా ఉన్నచోటే. వీధిదీపాలూ రాత్రిపూట ఒకసారి స్తంభాల వారీగా లెక్కపెట్టించండి, స్టాక్‌లో రాసిన బల్బులకూ వెలిగేవాటికీ పొంతన తెలుస్తుంది.

ఇక అసలు మాట. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మన దగ్గర చెక్కు మీద సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరి సంతకాలూ ఉండాలి. అంటే మీకు పోటీగా నిలిచిన వర్గం మనిషి సంతకం లేకుండా పైసా కదలదు. ఆర్మీలో పైనుంచి మాట వస్తే కింద పని జరుగుతుంది. పంచాయతీలో సర్పంచ్ నోటిమాటకు బలం లేదు, బలమంతా తీర్మానానిదే. కాబట్టి ఏ ఖర్చయినా ఎజెండాలో పెట్టండి. మూడు పూర్తి రోజుల ముందు నోటీసు ఇవ్వండి, అందరి దగ్గరా అందినట్టు సంతకం తీసుకోండి. సమావేశంలో ఆ ఆరుగురిలో ఎవరైనా వద్దంటే వాళ్ల అభ్యంతరం కూడా మినిట్స్‌లో వాళ్ల మాటల్లోనే రాయించండి. అది మీకు నష్టం కాదు, రక్షణ. తన వార్డు పని కూడా జాబితాలో ఉందని, లెక్క తన ముందే జరుగుతోందని తెలిసినప్పుడు ఉప సర్పంచ్ సంతకం ఆపడానికి కారణం తగ్గిపోతుంది. ఇంటికి చెక్కు పుస్తకం పంపించి సంతకం పెట్టమనడం మాత్రం వద్దు. ఓచరు, ఎంబీ, తీర్మానం కాపీ మూడూ బల్ల మీద పెట్టి ఆఫీసులోనే అడగండి.

పంచాయతీ సమావేశం నెలకొకసారి, గ్రామసభ రెండు నెలలకొకసారి. గ్రామసభ తప్పితే పదవికే ముప్పు, క్యాలెండరు మీద తేదీలు ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. ఆర్థిక సంఘం నిధులతో చేసే పని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఎక్కి, ఈ-గ్రామ స్వరాజ్ పోర్టల్‌లో కనిపించాలి. లేకపోతే చెల్లింపు దశలో ఆగిపోతుంది. 2025-26 వరకు ఉన్న 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టుబడి ఉంటాయి. ఆ డబ్బుతో సీసీ రోడ్డు వేస్తే ఆడిట్ అభ్యంతరం తప్పదు. మిగతా 40 శాతంలోనూ జీతాలకు వాడకూడదు. బడ్జెట్‌లో 10 శాతం మొక్కలకు, అదీ చట్టంలోనే ఉంది.

డిజిటల్ సంతకం డాంగిల్ మీ దగ్గరే ఉంచుకోండి. పిన్ కంప్యూటర్ ఆపరేటర్‌కు చెప్పి వదిలేస్తే ఆ చెల్లింపుకు బాధ్యులు మీరే.

పీఆర్_ఇంజనీర్:
పనుల వరుస అడిగారు కాబట్టి అదొక్కటే చెబుతాను. తీర్మానం, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఎస్టిమేట్, పరిపాలనా అనుమతి, సాంకేతిక మంజూరు, అగ్రిమెంట్, మార్కౌట్ (నేల మీద హద్దులు గీయడం), పని, ఎంబీలో కొలతలు, చెక్ మెజర్‌మెంట్ (పై ఇంజనీరు మళ్లీ కొలిచి చూడడం), బిల్లు. ఇందులో ఏది వరుస తప్పినా డబ్బు ఇరుక్కుంటుంది. ఫౌజీ సర్పంచులకు పని చకచకా చేసేసే అలవాటు ఉంటుంది. జేసీబీ పిలిచి ఒక్క పూటలో కాలువ తీయించేస్తారు, ఆ తర్వాత ఎస్టిమేట్ వేయమంటారు. పూడ్చేసిన తవ్వకాన్ని నేను కొలవలేను, కొలవనిది ఎంబీలో రాయలేను.

సీసీ రోడ్డు ఒక ఉదాహరణగా తీసుకోండి. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. 1:1.5:3 పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు, మొత్తం 360 బస్తాల దగ్గర. సైటు మీద ఖాళీ బస్తాలు లెక్కపెడితే చాలు, సగం సంగతి బయటపడుతుంది. మందం 12 సెంటీమీటర్లకు దించితే 9 ఘనపు మీటర్లు తగ్గుతాయి, కాంట్రాక్టరుకు మిగిలేది అక్కడే. అంచున సెంట్రింగ్ రేకు లేదా చానెల్ ఎత్తు టేపుతో చూడండి. మధ్యలో మట్టి ఉబ్బెత్తుగా ఉందేమో దారం లాగి చూడండి, అంచున 15 ఉన్నా నడుమ 10 ఉండొచ్చు. కోర్ (రోడ్డులోంచి కోసి తీసే గుండ్రటి ముక్క) తీసి పరీక్షిస్తే అదంతా తేలుతుంది.

నీళ్లు ఎక్కువ పోసి జారుడుగా కలిపితే పైన తెల్లటి పాలు తేలి, వేసవి వచ్చేసరికి పొర దుమ్ములా లేస్తుంది. వేసిన మర్నాటి నుంచే మట్టి గట్లు కట్టి కనీసం 14 రోజులు నీళ్లు నిలపాలి. సుమారు 4 మీటర్లకొక జాయింటు కోయించకపోతే పగులు తనకు నచ్చినచోట వస్తుంది. ఇంకొకటి, మిషన్ భగీరథ తాగునీటి పైపులైను రోడ్డు కింద పోతుంటే ముందే పక్కకు మార్పించండి. కొత్త రోడ్డు నెలలోపే తవ్వడం చాలా ఊళ్లలో జరుగుతున్నదే.

పని పేరు మీ ఇంట్లోవాళ్ల మీద, భాగస్వామి మీద అస్సలు వద్దు. పంచాయతీ కాంట్రాక్టులో ప్రయోజనం ఉన్నవాళ్లు అనర్హులవుతారు.

రిటైర్డ్_సుబేదార్:
తమ్ముడూ, పెన్షన్ గురించి దిగులు వద్దు. 15 ఏళ్లు నిండాక వచ్చే సర్వీస్ పెన్షన్ నువ్వు సంపాదించుకున్నది. సర్పంచ్ పదవి ఉద్యోగం కాదు, అది ఎన్నికైన పదవి, ఇచ్చేది గౌరవ వేతనం. తెలంగాణలో నెలకు 6,500 రూపాయలు. దానివల్ల పెన్షన్ గానీ ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు గానీ ఆగవు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో మాత్రం మిగతా ఆదాయంతో కలిపి చూపించు. పెన్షన్ పోర్టల్ స్పర్శ్‌లో ఏటా జీవన ప్రమాణ్ (బతికున్నట్టు ధ్రువీకరణ) ఇవ్వడం మరిచిపోకు. గ్రామసభలు, శంకుస్థాపనల హడావిడిలో అది దాటిపోతే పెన్షన్ ఆగుతుంది, పదవి వల్ల ఆగిందని పొరబడతారు.

ఉద్యోగం సంగతి వేరు. కోటాలో ప్రభుత్వ ఉద్యోగం వచ్చినా, డీఎస్‌సీ (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్)లో మళ్లీ చేరాలనుకున్నా సర్పంచ్‌గా రాజీనామా చేయాల్సిందే, రెండూ కుదరవు. పరీక్ష రాయడానికి అడ్డేమీ లేదు. రాజీనామా ఆమోదం పొందిన కాగితం చేతికొచ్చాకే చేరు.

జెండా వందనం రోజు మెడల్స్ మామూలు బట్టల మీద ఎడమ ఛాతీన పెట్టుకో. యూనిఫాం వద్దు. పంచాయతీ లెటర్‌హెడ్ మీద కూడా ర్యాంకు రాయకు, ఆ కాగితం ఊరిది.

అగ్నివీరులు కూడా ఇలాగే అడుగుతున్నారు, వాళ్ల కోసం ఒక ముక్క. 2022లో అగ్నిపథ్ పథకం వచ్చింది, నాలుగేళ్లకు బయటికి వచ్చేవాళ్లకు పెన్షన్ లేదు, ఒకేసారి ఇచ్చే సేవానిధి మొత్తమే. 21 నిండితే పంచాయతీకి పోటీ చేయొచ్చు. కానీ గౌరవ వేతనంతో ఇల్లు గడవదు. బతుకుదెరువు ఇంకొకటి ఉన్నప్పుడే దిగండి.

గోదావరి_గట్టు:
ఆంధ్రా నుంచి చదివేవాళ్లు ఒక్క విషయం గమనించండి. మాకు వర్తించేది 1994 చట్టం. ఉప సర్పంచ్‌తో కలిపి చెక్కు మీద సంతకం అనే ఈ పద్ధతి తెలంగాణ 2018 చట్టం తెచ్చినది. గౌరవ వేతనం కూడా మా దగ్గర 3,000 రూపాయలే. పైన చెప్పిన ఎంబీ వరుస మాత్రం రెండు చోట్లా అంతే.

పల్లె_సిపాయి:
అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఇంకో రెండు అడుగుతాను. స్పెషల్ ఆఫీసర్ ఉన్నప్పుడు నోటిమాట మీద కాలువ పని చేశానని ఒకాయన వచ్చి, పాత తేదీతో తీర్మానం రాసి బిల్లు పెట్టమంటున్నాడు. రెండోది, 40,000 లీటర్ల ట్యాంకులో బ్లీచింగ్ ఎంత వేయాలి? మా పంప్ ఆపరేటర్ గుప్పెళ్ల లెక్కన వేస్తున్నాడు.

కార్యదర్శి_డైరీ:
పాత తేదీ తీర్మానం రాయకండి. మినిట్స్ పుస్తకంలో పేజీ నంబర్లు, హాజరు సంతకాలు ఉంటాయి, మధ్యలో ఇరికించింది ఇట్టే దొరుకుతుంది. పైగా ఆ రోజు మీరు సర్పంచ్ కాదు. ఆయన్ను రాతపూర్వకంగా అర్జీ ఇమ్మనండి, పని ఆదేశం, ఎంబీ, ఫొటోలు ఏవి ఉంటే అవి జతచేయమనండి. దాన్ని పంచాయతీ సమావేశంలో పెట్టి, మీ సిఫారసు ఏమీ లేకుండా ఎంపీడీఓ ద్వారా డీపీఓకు (జిల్లా పంచాయతీ అధికారికి) పంపండి. అక్కడి నుంచి రాతగా వచ్చేదాకా చెల్లిస్తామని మాటవరసకు కూడా అనకండి. ముందు పని చేసి తర్వాత ఆమోదం తీసుకోవడం అత్యవసరానికే, అంటే తాగునీటి మోటారు కాలిపోవడం లాంటిదానికి. వైండింగ్ చేయించి, కాలిన మోటారు ఫొటో, బిల్లు పెట్టి వచ్చే సమావేశంలోనే ఆమోదం తీసుకోండి.

పీఆర్_ఇంజనీర్:
బ్లీచింగ్ లెక్క ఇది. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ చొప్పున 40,000 లీటర్లకు 80 గ్రాములు కావాలి. కొత్త బస్తాలో క్లోరిన్ 33 శాతం ఉంటుంది, అంటే సుమారు 240 గ్రాముల పొడి. మూతి తెరిచి నెలల తరబడి పెట్టిన బస్తా 25 శాతానికి పడిపోతే 320 గ్రాములు. వంటింటి తక్కెడ ఒకటి పంప్‌హౌస్‌లో పెట్టించండి. పొడిని నేరుగా ట్యాంకులో చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, తర్వాత బకెట్ నింపి, సున్నం అడుగుకు దిగేదాకా ఆగి, పైన తేరిన నీళ్లే పోయాలి. అరగంట తర్వాతే వాల్వు తిప్పాలి.

భగీరథ నీళ్లు ముందే క్లోరిన్ కలిసి వస్తాయి, అందుకని పోసే ముందు ట్యాంకులోకి వచ్చే నీటిని క్లోరోస్కోపుతో (రంగును బట్టి క్లోరిన్ చూసే కిట్) చూడండి. లైను చివరి ఇంటి కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ట్యాంకు దగ్గర పసుపు రంగు బాగా వచ్చి చివరి ఇంట్లో అసలు రాకపోతే, పొడి పెంచకండి. మధ్యలో పైపు ఎక్కడో పగిలి మురుగు కలుస్తుండొచ్చు. కాలువ లోపలి నుంచి వెళ్లే కనెక్షన్లు ముందు వెతికించండి.