అల్ట్రాసోనిక్ మోటార్ వేడెక్కాక ఆగిపోతోంది, మీరేం చేశారు?

స్టేటర్98:
ట్రావెలింగ్ వేవ్ రకం రింగ్ మోటార్‌ని (కదలని స్టేటర్‌లో పుట్టే కంపన తరంగం, దానికి ఒత్తుకుని ఉన్న రోటర్‌ని రాపిడితో తిప్పేది) 40 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో నడుపుతున్నాను. రెండు డ్రైవ్ సిగ్నళ్ల మధ్య 90 డిగ్రీల ఫేజ్ తేడా ఉంచి, వేగాన్ని ఫ్రీక్వెన్సీతో మారుస్తున్నాను. పైన పీఐ లూప్ (వేగంలో తేడాను చూసి ఫ్రీక్వెన్సీని సరిదిద్దే కంట్రోలర్) ఉంది. మొదట చక్కగా తిరుగుతుంది. కాసేపటికి ఉన్నట్టుండి ఆగిపోయి, ఇక కదలదు. గెయిన్లు మార్చి మార్చి విసిగిపోయాను.

తరంగం:
తప్పు గెయిన్‌లో లేదండీ. స్టేటర్ వేడెక్కేకొద్దీ రెజొనెన్స్ (అది అన్నిటికంటే బలంగా కంపించే ఫ్రీక్వెన్సీ) కిందికి దిగుతుంది. మీరు దానికి పైవైపున నడుపుతున్నారు కాబట్టి దూరం పెరిగి వేగం తగ్గుతుంది. లూప్ ఫ్రీక్వెన్సీని దించుతూ వెంటపడుతుంది. అప్పుడు లోడ్ కాస్త పెరిగినా రెజొనెన్స్ దాటి అవతల పడుతుంది, మోటార్ ఠక్కున నిలిచిపోతుంది. అవతలి వైపు ఫ్రీక్వెన్సీ దించితే వేగం పెరగదు. లూప్‌లో తేడాను కూడబెట్టే ఇంటిగ్రేటర్‌కి ఆ సంగతి తెలియక ఇంకా దించుతూనే ఉంటుంది. ఇది అర్థం కావడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఆగిన వెంటనే ఇంటిగ్రేటర్‌ని రీసెట్ చేసి, ఫ్రీక్వెన్సీని బాగా పైకి తీసుకెళ్లి, అక్కడి నుంచి నెమ్మదిగా దించండి. కొంచెం పైకి జరిపితే చాలదు. పెంచేటప్పుడు, దించేటప్పుడు వేగం ఒకే గీత మీద నడవదు.

స్టేటర్98:
మరి ఫ్రీక్వెన్సీకి కింది హద్దు ఎంత పెట్టాలండీ?

సెన్సార్_వైర్:
హద్దును అంకెగా పెట్టకండి. చల్లగా ఉన్నప్పుడు సరిపోయినది వేడిలో పనికిరాదు. మీ స్టేటర్‌కి ఫీడ్‌బ్యాక్ ఎలక్ట్రోడ్ (కంపనాన్ని వోల్టేజ్‌గా చూపేది) ఉంటే, దాని వోల్టేజ్‌కీ డ్రైవ్ వోల్టేజ్‌కీ మధ్య ఫేజ్ తేడా కొలవండి. రెజొనెన్స్‌కి ఎంత దగ్గరలో ఉన్నారో అదే చెబుతుంది. ఆ ఫేజ్‌నే హద్దుగా పెట్టుకున్నాక నా మోటార్ మళ్లీ ఆగలేదు.

పలక_కొలత:
మోటార్‌ని లెక్కల్లో చూపే మోడల్ గురించి ఒక మాట. కెపాసిటర్‌కి సమాంతరంగా ఆర్ఎల్‌సీ (రెసిస్టర్, ఇండక్టర్, కెపాసిటర్) శాఖ పెట్టే ఈక్వివలెంట్ సర్క్యూట్ విలువల్ని నేను ఇంపెడెన్స్ ఎనలైజర్‌తో, రోటర్ లేకుండా, 1 వోల్ట్ దగ్గర తీశాను. నిజంగా నడిపే వోల్టేజ్ వంద దాటుతుంది, రోటర్ గట్టిగా ఒత్తుకుని ఉంటుంది. రెజొనెన్స్ నేను లెక్కేసిన చోట లేనే లేదు. డ్రైవర్‌లోని ఇండక్టర్ ఎంచుకోవడానికి ఆ సర్క్యూట్ బాగా ఉపయోగపడింది కానీ, రోటర్‌కీ స్టేటర్‌కీ మధ్య రాపిడిని అది చెప్పలేదు. టార్క్ కావాలంటే కాంటాక్ట్ మోడల్ వేరే రాయాల్సిందే. హేగుడ్, మెక్‌ఫార్లాండ్ 1995లో ప్రచురించిన పద్ధతితో మొదలుపెట్టండి.

టైమర్_లెక్క:
ఫ్రీక్వెన్సీ మెట్టు కూడా చూసుకోండి. 72 మెగాహెర్ట్జ్ టైమర్‌తో 40 కిలోహెర్ట్జ్ తీస్తే పీరియడ్ 1800 కౌంట్లు. ఒక్క కౌంట్ మారితే సుమారు 22 హెర్ట్జ్ జరుగుతుంది. నాకు వేగం అటూ ఇటూ ఊగడానికి కారణం అదే. డీడీఎస్ చిప్‌కి (ఫ్రీక్వెన్సీని చాలా చిన్న మెట్లలో ఇచ్చేది) మారాక తగ్గింది.

తరంగం:
పొజిషన్ కంట్రోల్ చేసేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. ఫేజ్ తేడాతో దిశ మార్చేటప్పుడు సున్నా చుట్టూ రోటర్ అసలు కదలని డెడ్ జోన్ వస్తుంది. దాని వెడల్పు లోడ్‌ని బట్టి మారుతుంది. నేను రోటర్ స్థానం చెప్పే ఎన్‌కోడర్ చూస్తూ కదలిక మొదలయ్యే ఫేజ్‌ని పట్టుకుని, దానికి తగ్గట్టు ఆఫ్‌సెట్ కలుపుతున్నాను. గమ్యం చేరాక డ్రైవ్ ఆపేయండి, పవర్ లేకపోయినా రోటర్ పట్టు వదలదు.

స్టేటర్98:
ఫేజ్ హద్దు పెట్టి చూశాను. గంట పైగా తిరిగింది, ఆగలేదు! చాలా థాంక్స్ అండీ. ఇప్పుడు డెడ్ జోన్ పని పట్టుకుంటాను.