27 అంగుళాల మానిటర్‌లో తెలుగు ఒత్తులు గరుకుగా కనిపిస్తున్నాయి, ఎందుకు?

డాబాగార్డెన్స్ డీటీపీ:
అందరికీ నమస్కారం. విశాఖ డాబాగార్డెన్స్‌లో శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేస్తుంటాను. నా పాత మానిటర్ 21.5 అంగుళాల ఫుల్ హెచ్‌డీ. కళ్లకు సుఖంగా ఉంటుందని 27 అంగుళాలది తెప్పించి దాని పక్కనే పెట్టాను. ఇదీ ఫుల్ హెచ్‌డీయే. ఇంగ్లీషు అక్షరాలు ఫరవాలేదు. ‘లక్ష్మి’లో క్ష కింద మ ఒత్తు మాత్రం మెట్లు మెట్లుగా ఉంది. తెరలో లోపమా? మార్చి ఇస్తామని దుకాణంవారు అంటున్నారు.

సీతమ్మధార:
లోపం కాదండి. రెండు తెరల్లోనూ అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లే. తెర పెరిగింది కాబట్టి అవి ఎడమయ్యాయి. మీ పాతదాంట్లో పిక్సెల్ పిచ్, అంటే ఒక పిక్సెల్ నడిమి నుంచి పక్కదాని నడిమికి దూరం, సుమారు 0.248 మిల్లీమీటర్లు. కొత్తదాంట్లో 0.311.

విండోస్‌లో మామూలు స్కేలింగ్‌తో, అంటే తెర మీది అక్షరాలను పెంచి చూపే అమరిక 100 శాతం దగ్గర ఉంటే, 12 పాయింట్ల అక్షరానికి దక్కే ఎత్తు 16 పిక్సెళ్లు. గుడి, క్ష, కింద మ ఒత్తు అన్నీ ఆ కాస్త చోటులోనే ఇమడాలి. ఇంగ్లీషుకు ఆ ఇరుకు లేదు. కొత్త తెర మీద అక్షరం 4 నుంచి 5 మిల్లీమీటర్లకు పెరిగింది, పిక్సెళ్లు మాత్రం అవే 16. మన లిపితో రోజంతా పనిచేసేవారికి అంగుళాల కంటే ఈ పిక్సెల్ పిచ్ ముఖ్యమని గట్టిగా చెబుతాను.

గాజువాక:
వీజీఏ కేబుల్ అయితే తీసేసి హెచ్‌డీఎంఐ పెట్టండి. విండోస్‌లో అక్షరాల అంచులను నునుపు చేసే క్లియర్‌టైప్ అమరిక కూడా ఒకసారి సరిచేసుకోండి.

డాబాగార్డెన్స్ డీటీపీ:
హెచ్‌డీఎంఐయే అండి. కొంచెం వెనక్కి జరిగి కూర్చుంటే సరిపోదా?

సీతమ్మధార:
మామూలు చూపు విడదీయగలిగేది దాదాపు ఒక ఆర్క్ నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం. ఆ లెక్కన 0.311 మిల్లీమీటర్ల ఎడం కంటికి ఆనకుండా ఉండాలంటే మీటరుకు పైగా దూరం కావాలి. అంత దూరం నుంచి ప్రూఫు ఎలా దిద్దుతారు? రోడ్ల మీది పీ10 ఎల్‌ఈడీ బోర్డుల్లో ఎడం 10 మిల్లీమీటర్లు. వాటిని ఎవరూ అరచేయి దూరంలో చదవరు కనుక చెల్లుతుంది.

మార్చి ఇస్తామంటున్నారు కదా, 27 అంగుళాల్లోనే 2560×1440ది అడగండి. పిచ్ 0.233కు దిగుతుంది. స్కేలింగ్ 125 శాతం పెడితే అదే అక్షరానికి 20 పిక్సెళ్లు వస్తాయి, ఎత్తు 4.7 మిల్లీమీటర్లు. మీ శుభలేఖ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, ఆ మ ఒత్తును అక్కడే చూసుకోండి. వాళ్ల ప్రదర్శన వీడియో చూసి ఒప్పుకోవద్దు.