ఆర్‌వీ-4: చేయి వదిలితే ఎడమకి వాలుతోంది, కుడివైపు రోల్ నెమ్మదిగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను టెక్సాస్‌లో ఉంటాను. ఇద్దరు స్నేహితులం కలిసి నిరుడు ఒక ఆర్‌వీ-4 (రెండు సీట్ల చిన్న విమానం) కొన్నాం. ఇంట్లో కట్టిన విమానం, మా చేతికి వచ్చేసరికే 600 గంటలు ఎగిరింది. దీని మీదే లూప్ (నిలువుగా గుండ్రంగా తిరగడం), రోల్ (పక్కకి పల్టీ) నేర్చుకుంటున్నాను.

క్రూయిజ్‌లో (నేరుగా, ఒకే వేగంతో పోతున్నప్పుడు) స్టిక్ (విమానం నడిపే కర్ర) వదిలితే ఎడమ రెక్క మెల్లగా కిందికి పోతుంది. స్ప్రింగ్ ట్రిమ్ (స్టిక్‌ని ఒక పక్కకి లాగిపట్టే స్ప్రింగ్) మొత్తం కుడికి పెట్టి నెట్టుకొస్తున్నాను. దానికి తోడు కుడి రోల్ బద్ధకంగా ఉంది. 110 నాట్ల దగ్గర స్టిక్ చివరిదాకా వేసి, వీడియోలో లెక్కపెట్టాను. ఎడమకి పూర్తి రోల్ 2.9 సెకన్లు, కుడికి 3.6. పుష్‌రాడ్ (స్టిక్ కదలికని ఐలెరాన్‌కి చేర్చే కడ్డీ) నాలుగు చుట్లు తిప్పమని ఒకరు, కుడి ఐలెరాన్ (విమానాన్ని పక్కకి వాల్చే, రెక్క వెనక ఉండే కదిలే పలక) వెనక అంచు కింద చిన్న చెక్కపట్టీ అతికించమని ఇంకొకరు చెప్పారు. నాకు టెన్షన్‌గా ఉంది, ఏదీ ముట్టుకోలేదు.

జవాబు:

ముట్టుకోకుండా అడిగావు, మంచి పని చేశావు బాబూ. నేను దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ట్రైనర్ విమానాల ఎయిర్‌ఫ్రేమ్ పని చేసి రిటైరయ్యాను. ఇక్కడ అబ్బాయి దగ్గరున్నప్పుడు ఆర్‌వీలు కట్టుకునేవాళ్లకి చేయి సాయం చేస్తుంటాను.

నువ్వు ఒకే సమస్య అనుకుంటున్నావు గానీ నాకు ఇవి రెండు వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తున్నాయి. రెక్క వాలడం వేరు, రోల్ వేగం తగ్గడం వేరు. రెంటికీ ఒకే మందు వేస్తే ఏది దేనికి పనిచేసిందో తెలియదు.

ముందు రెండు ట్యాంకుల్లో పెట్రోలు సమానంగా పోయించు. పది గ్యాలన్ల తేడా అంటే ఒక రెక్కలో 60 పౌన్లు ఎక్కువ ఉన్నట్టే. తర్వాత రడ్డర్‌తో (తోక దగ్గర నిలువు పలకతో) బాల్ (విమానం పక్కకి జారుతోందేమో చూపే గోళీ) మధ్యలో పెట్టు, ట్రిమ్ న్యూట్రల్‌కి తెచ్చి చేయి వదులు. ఇప్పుడు స్టిక్‌ని చూడు. స్టిక్ తనంతట తానే ఎడమకి జరుగుతోందా, లేక అది మధ్యలో ఉండగానే రెక్క వాలుతోందా? మధ్యలోనే ఉంటే ఫ్లాప్‌లు (దిగేటప్పుడు కిందికి దించే రెక్క పలకలు) చూడాలి. ఒక ఫ్లాప్ పూర్తిగా పైకి రాక రెండు మిల్లీమీటర్లు కిందికి ఆగినా అది ఐలెరాన్ వేసినట్టే పనిచేస్తుంది. ఫ్లాప్‌లు సరిగ్గా ఉంటే అప్పుడు రెక్క అమరికని అనుమానించాలి. స్టిక్ జరుగుతుంటే మాత్రం తప్పు ఐలెరాన్‌లోనే ఉంది.

పుష్‌రాడ్ తిప్పితే స్టిక్ మధ్యస్థానం మారుతుంది, ఐలెరాన్‌లు రెండూ కాస్త పైకో కిందికో పోతాయి. వాలడం అలాగే ఉంటుంది.

రోల్ సంగతికి వస్తే, ఐలెరాన్‌కి డిజిటల్ యాంగిల్ గేజ్ తగిలించి రెండువైపులా పైకి ఎన్ని డిగ్రీలు, కిందికి ఎన్ని డిగ్రీలు పోతోందో రాసుకో. ప్లాన్‌లో ఇచ్చిన అంకెలతో పోల్చు. కానీ ఒక మాట: ఖాళీ సీటుతో కొలవొద్దు. ఎగిరేటప్పుడు ఎలా కూర్చుంటావో అలాగే ప్యారాచూట్ తగిలించుకుని, బెల్టులు బిగించి కూర్చో. ఇంకొకర్ని బయట నిలబెట్టి కొలిపించు.

ప్రశ్న అడిగినవారు, మరుసటి వారం:

బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. ట్యాంకులు సమానంగా ఉన్నా, చేయి వదలగానే స్టిక్ ఎడమకి జరిగింది. ఫ్లాప్‌లు సరిగ్గా ఉన్నాయి.

డిగ్రీల దగ్గర మాత్రం ఆశ్చర్యపోయాను. ఖాళీ కాక్‌పిట్‌లో స్టిక్ కుడికి వేస్తే కుడి ఐలెరాన్ 29 డిగ్రీలు పైకి లేచింది. నేను కూర్చుని వేస్తే 22 దగ్గరే ఆగింది. కుడి తొడ మీద కట్టుకునే నీబోర్డు (కాగితాలు పెట్టుకునే చిన్న అట్ట)! స్టిక్ దాని క్లిప్పుకి తగిలి ఆగిపోతోంది. గాల్లో అదే చివర అనుకున్నాను. నీబోర్డు తీసేసి సీక్వెన్స్ కార్డు (విన్యాసాల వరుస రాసుకున్నది) ప్యానెల్‌కి అంటించి వెళ్లొచ్చాను. ఎడమకి 2.9, కుడికి 3.1.

జవాబు:

ఆ మిగిలిన కాస్త తేడాని వెంటాడకు. లైకమింగ్ ఇంజన్ తిప్పే ప్రొపెల్లర్ కాక్‌పిట్ నుంచి చూస్తే కుడిచేతివైపు తిరుగుతుంది, విమానాన్ని ఎడమకి నెడుతుంది. కొంచెం తేడా సహజం.

తొడకి స్టిక్ తగలడం చిన్న విషయం కాదు. పల్టీ మధ్యలో పూర్తి ఐలెరాన్ కావాల్సినప్పుడు అది దొరకదు. మీ స్నేహితుడు కూడా తన సీటింగ్‌తో విడిగా కొలుచుకోవాలి.

ఇక వాలడం. వెర్నియర్ తీసుకుని రెండు ఐలెరాన్‌ల వెనక అంచు వంపు మందం నాలుగైదు చోట్ల కొలువు. నా ఊహ ప్రకారం కుడిది లావుగా ఉంటుంది. ఎగిరేటప్పుడు ఐలెరాన్ పైభాగాన పీడనం తక్కువ కాబట్టి రెండూ పైకి లేవాలని చూస్తాయి, ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. వెనక అంచు మొద్దుగా ఉన్నది తక్కువ లేస్తుంది. అప్పుడు పదునుగా ఉన్న ఎడమది గెలిచి పైకి పోతుంది, ఎడమ రెక్క దిగుతుంది.

అందుకే నొక్కాల్సింది వాలే రెక్కని కాదు, తేలికగా ఉన్న కుడి రెక్క ఐలెరాన్‌ని. చాలామంది ఇక్కడే తడబడి బరువైన వైపు నొక్కి ఇంకా పాడుచేసుకుంటారు. రెండు నున్నటి చెక్కముక్కల మధ్య అంచుని పెట్టి, వెడల్పు పట్టకారుతో అడుగు పొడవునా సున్నితంగా ఒత్తు. కంటికి కనిపించేంత వద్దు. ఎగిరి చూడు, మళ్లీ కాస్త ఒత్తు. ఎక్కువైతే వెనక్కి తేవడం కష్టం.

చెక్కపట్టీ ప్రస్తుతానికి వద్దు. వెనక అంచుకి పుట్టీ, మందపాటి పెయింటు అసలే వద్దు. ఆ ఐలెరాన్ ముందు అంచులో గాల్వనైజ్డ్ నీళ్ల పైపు పెట్టింది బరువు సరితూగడానికే. హింజ్ వెనక బరువు పెరిగితే ఫ్లట్టర్ (గాలికి పలక అదుపు లేకుండా కొట్టుకోవడం) ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవారు:

కుడిది 3.6 మిల్లీమీటర్లు, ఎడమది 3.0. మూడు విడతలుగా ఒత్తాను. రెండోసారికే ట్రిమ్ సగానికి వచ్చింది. నిన్న సాయంత్రం ట్రిమ్ న్యూట్రల్‌లో పెట్టి రెండు చేతులూ తొడల మీద పెట్టుకున్నాను, ఇరవై సెకన్ల దాకా రెక్క కదల్లేదు. పుష్‌రాడ్‌లు ముట్టుకోలేదు, మరి వాటిని చూడాల్సిన పని ఉందా?

జవాబు:

ఉంది. 600 గంటల విమానం కదా. ఒకరు స్టిక్ గట్టిగా పట్టుకోండి, ఇంకొకరు ఐలెరాన్‌ని వేళ్లతో కదపండి. టిక్కుటిక్కుమంటే రాడ్ ఎండ్ బేరింగ్ (పుష్‌రాడ్ చివర ఉండే గుండు కీలు) అరిగింది. ప్రతి జామ్ నట్ (రాడ్ ఎండ్ తిరిగిపోకుండా బిగించే నట్) మీద, అది కదిలిందేమో చూపే ఎర్ర గీత చెక్కుచెదరకుండా ఉందా చూడండి. రాడ్ ఎండ్ పక్కన పెద్ద వాషర్ ఉండాలి. లోపలి గుండు ఊడినా రాడ్ జారిపోకుండా ఆపేది అదే. ఏదైనా విప్పి బిగిస్తే, ఎగిరే ముందు స్టిక్ ఎడమకి వేసి ఎడమ ఐలెరాన్ పైకి లేస్తోందని ఇద్దరూ విడివిడిగా చూడండి. ఒత్తిన తేదీ, ఎంత ఒత్తావో లాగ్‌బుక్‌లో రాయి.