స్పానిష్ మాట్లాడే కుటుంబాలకు వేరే బాప్టిస్టు సంఘం పెట్టాలా, మనతోనే కలుపుకోవాలా?

గార్లండ్_తమ్ముడు:
అందరికీ వందనాలు. మేముండేది డల్లాస్ పక్కన గార్లండ్‌లో, వెళ్లేది ఇంగ్లీషు బాప్టిస్టు సంఘానికి. చర్చి చుట్టూ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు మెక్సికో, హోండురాస్, ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన కుటుంబాలే ఎక్కువ. వాళ్లకోసం స్పానిష్‌లో వేరే సంఘం మొదలుపెట్టాలని మా పెద్దలు అంటున్నారు, బుధవారం ఓటింగ్. నాకు మనసొప్పట్లేదు. యూదులకూ ఇతరులకూ నడుమనున్న మధ్యగోడను క్రీస్తు పడగొట్టాడని బైబిల్లోని ఎఫెసీ పత్రికలో చదివే మనం భాషకో గోడ కట్టడమేంటి? హెడ్‌ఫోన్లు ఇచ్చి అనువాదం వినిపిస్తే సరిపోదా?

గుండ్లకమ్మ_ఒడ్డు:
తమ్ముడు చెప్పింది కరెక్ట్. ఎవరి జనంలో వాళ్లకి సంఘం పెడితే త్వరగా పెరుగుతుందన్న సిద్ధాంతాన్ని అమెరికా చర్చిలకు నేర్పిన డోనాల్డ్ మెక్‌గావ్రన్ పుట్టింది మన దేశంలోనే, దమోహ్‌లో. ఇక్కడ కులాలకు కులాలు క్రైస్తవంలోకి రావడం చూసే ఆ మాట అన్నాడు. దాని ఫలితం మనం చూస్తూనే ఉన్నాం, ఒకే ఊళ్లో మాలపల్లెకో చర్చి, మాదిగపల్లెకో చర్చి, పెళ్లి సంబంధాల దగ్గరికొచ్చేసరికి ఎవరి దారి వాళ్లది. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పైకులాల వాళ్లు అన్నా ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర వెనక్కి తగ్గలేదు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది వెలంపల్లి దగ్గర బాప్తిస్మం తీసుకున్నారు. అలాంటి చరిత్ర ఉన్న మనం టెక్సాస్ వెళ్లి వేరు కుంపటికి ఓటేయడమా?

శాన్_ఆంటోనియో_అక్క:
తమ్ముడూ, అన్నా, మీ ఇద్దరి బాధా అర్థమైంది, కానీ కులాన్నీ భాషనూ ఒకే గాటన కట్టకండి. మన ఊళ్లో అందరికీ తెలుగు వచ్చు, పక్కన కూర్చోకపోవడం మనసులో ఉన్న రోగం. ఇక్కడ హోండురాస్ తల్లికి ప్రసంగం హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది, సరే, ఆమె సాక్ష్యం ఎవరు వింటారు? కొడుకు కోసం ఏడుస్తూ ప్రార్థన చేస్తే పక్కనున్నవాళ్లు దేనికి ఆమేన్ అనాలి? మన బాప్టిస్టుల్లో బిషప్పు లేడు, బడ్జెట్ దగ్గర్నుంచి పాస్టరును పిలవడం దాకా సభ్యులే తేల్చాలి. మీటింగులో నోరు తెరవలేని మనిషి ఏం సభ్యురాలు?

నేను ఆరేళ్లు ఒక స్పానిష్ సంఘంలో సండే స్కూల్ చెప్పాను. ఎక్కువమంది క్యాథలిక్ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. పసిబిడ్డకు బాప్తిస్మం ఇప్పించలేదని ఊళ్లోని అమ్మమ్మ ఫోన్‌లో ఏడుస్తుంది, ఎందుకంటే దానితోపాటే బిడ్డకు జ్ఞాన తల్లిదండ్రులు వస్తారు, రెండు ఇళ్లు కొంపాద్రేలవుతాయి, అది రక్తసంబంధం లాంటిదే. మనమేమో బిడ్డ పెద్దయి తానే నమ్మాక నీళ్లలో ముంచుతామంటాం. ఆడపిల్లకు పదిహేనేళ్లకు చేసే కిన్సెఆన్యెరా, మన ఓణీల ఫంక్షన్ లాంటిది, ఇంకో గొడవ. మా పాస్టరు గారు దాన్ని ఆపలేదు, కృతజ్ఞత కూడికగా మార్చి పిల్ల చేతిలో బైబిల్ పెట్టి ప్రార్థన చేసేవారు, తర్వాత తమాలెలతో భోజనాలు. ఈ ముడులు అనువాదకుడు విప్పగలడా?

పైగా వాళ్లు మనం కొత్తగా నాటే మొక్కలు కాదు. టెక్సాస్ మెక్సికన్ బాప్టిస్టులు 1910లోనే సొంత కన్వెన్షన్, అంటే సంఘాల సమాఖ్య, పెట్టుకున్నారు, మా ఊళ్లో 1947 నుంచి వాళ్ల పాస్టర్లకు బైబిల్ కాలేజీ ఉంది.

నాకు కోపం వచ్చేది వేరే దగ్గర. పేరుకు సంఘం అని, చూసేదేమో అద్దెకున్నవాళ్లలా. ఇంగ్లీషు చర్చి బిల్డింగులో మాకిచ్చిన టైం మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఇంగ్లీషు ఆరాధన అవగానే ఏసీ ఆపేసేవాళ్లు, ఆగస్టులో, చంకలో పసిపిల్లలతో. తాళంచెవి ఇవ్వడానికి ఏడాది పట్టింది. వేరే సంఘం పెడితే సొంత పాస్టరు, సొంత లెక్కలు, తాళంచెవి మొదటి రోజే ఇవ్వండి.

గార్లండ్_తమ్ముడు:
అక్కా, మరి పిల్లలు? స్కూల్లో అంతా ఇంగ్లీషే, పదిహేనేళ్లు వచ్చేసరికి స్పానిష్ పాటలకు పెదవి కదపరు. మన తెలుగు కూడికలోనూ అదే కథ. ఇంకో టెన్షన్, చర్చిల దగ్గర ఇమ్మిగ్రేషన్ అరెస్టులకు ఉన్న పాత ఆంక్షల్ని 2025 జనవరిలో ప్రభుత్వం తీసేసింది. అందర్నీ స్పానిష్ బోర్డు కిందికి చేరిస్తే ప్రమాదం కాదా?

శాన్_ఆంటోనియో_అక్క:
పిల్లల విషయంలో నీ మాటే నిజం. ప్యూ అనే సర్వే సంస్థ లెక్కల్లో ఇక్కడి లాటినోల్లో క్యాథలిక్కులు 2010లో 67 శాతం, 2022కి 43. వదిలినవాళ్లంతా మన దగ్గరికి రావట్లేదు, ఏ మతమూ లేదనేవాళ్లు 30 శాతమయ్యారు. అందుకే సండే స్కూలు, యూత్ మీ పిల్లలతో కలిపి ఇంగ్లీషులోనే పెట్టండి, పెద్దల ఆరాధన స్పానిష్‌లో. భయం అంటావా, బోర్డు తీసేసినా పోదు. 2025 ఫిబ్రవరిలో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లతోపాటు కోఆపరేటివ్ బాప్టిస్ట్ ఫెలోషిప్ అనే బాప్టిస్టు సంఘాల సమాఖ్య కోర్టుకెళ్లి తమ చర్చిల వరకు తాత్కాలిక రక్షణ తెచ్చుకుంది. మీ పెద్దలు ముందు ఒక లాయరుతో మాట్లాడాలి, ఆదివారం గుమ్మం దగ్గర ఇంగ్లీషు సభ్యులు నిలబడాలి.

గుండ్లకమ్మ_ఒడ్డు:
అమ్మా, భాష సంగతి ఒప్పుకుంటాను. కానీ నెలకోసారైనా రెండు సంఘాలూ కలిసి ప్రభువు బల్ల తీసుకోకపోతే నేను వద్దనే అంటాను. మా ఊళ్లోనూ తాత్కాలికమనే మొదలైంది, మూడు తరాలైంది.

గార్లండ్_తమ్ముడు:
రాత్రంతా ఇవే చదివాను. ఒకటి తట్టింది, ఆ అపార్ట్‌మెంట్ల నుంచి ఇప్పటికే మా చర్చికి నాలుగు కుటుంబాలు వస్తున్నాయి, మీకేం కావాలని వాళ్లను ఎవరమూ అడగలేదు, నేనూ అడగలేదు. బుధవారం ఓటింగ్ వాయిదా వేయమంటాను. ఆదివారం వాళ్లతో భోజనానికి కూర్చుంటాం, స్పానిష్ వచ్చిన ఒకరిని తోడు తీసుకుని.