పొడిచే పెట్టను వేరు చేయాలా, దెబ్బతిన్నదాన్నా? లేక కూరకేనా?

పెరటిమంద_ఏలూరు
పెరట్లో ఎనిమిది పెట్టలు, పుంజు లేదు. ఐదు గ్రామప్రియ, రెండు నాటువి, ఒకటి అసీల్ సంకరం. షెడ్డు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. పొద్దున పది నుంచి చీకటి పడేదాకా పెరట్లో వదులుతాం. దాణా తొట్టి ఒకటి, నీళ్ల బేసిన్ ఒకటి. మేత నూకలు, తవుడు, మిగిలిన అన్నం. అసీల్ పెట్ట ఒక గ్రామప్రియ వెంటపడి తరిమి జుట్టు మీద పొడుస్తోంది, రక్తం కారుతోంది. ఆ గ్రామప్రియకి తోక మొదట్లో ఈకలు కూడా పోయి చర్మం ఎర్రగా కనబడుతోంది. దెబ్బతిన్నదాన్ని గంప కింద పెట్టమని ఒకరు, పొడిచేదాన్నే పెట్టమని ఇంకొకరు, ఆదివారం కూర చేసెయ్యమని మరొకరు అంటున్నారు. కారణాలతో సహా చెప్పండి.

కోనసీమ_గట్టు
కూరేనండీ, ఆలోచించక్కర్లేదు. అసీల్ అంటే పందేనికి తరతరాలుగా ఏరి పెంచిన జాతి. పెట్టలు కూడా వెనక్కి తగ్గవు. గ్రామప్రియ గుడ్ల కోసం తయారుచేసిన రకం, దెబ్బలాటలో దానికి నిలబడే సత్తా ఉండదు. ఈ రెండిట్నీ ఒకే షెడ్డులో పడుకోబెట్టడమే తప్పు. గంప కింద పెట్టినన్నాళ్లూ ఊరుకుంటుంది, తీయగానే మళ్లీ మొదలు.

జమ్మిచెట్టు
గట్ల తేల్చేస్తే ఎట్లన్నా? అసీల్ పొడుస్తదన్న మాట నిజమే. కానీ దాన్ని కోసినంక మందల రెండో స్థానంల ఉన్నది పైకొస్తది, మేత గిట్లనే ఉంటే అది కూడ పొడుస్తది. కోళ్లల్ల పెద్దరికం వరుస ఉంటదని నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్-ఎబ్బె 1920లల్లనే రాసి పెట్టిండు. వరుస కుదిరేదాక రెండు మూడు రోజులు పొడుచుకునుడు మామూలే. కుదిరినంక కూడ రక్తం వస్తున్నదంటే షెడ్డుల ఏదో తక్కువైనట్టు. అది ఏందో చూడకుండ కోడిని మారిస్తే ఏం లాభం?

మట్టిపిడత
ఇద్దరూ ఒకే జబ్బు అనుకుని మాట్లాడుతున్నారు. ఏలూరు గారు రాసినదాంట్లో రెండున్నాయి.

జుట్టు మీద, తల మీద ఎదురుగా వచ్చి పొడవడం పెత్తనం కోసం. అది అసీల్ పెట్ట పనే, ఒప్పుకుంటాను. తోక మొదట్లో ఈకలు పీకడం వేరే. అది కోపంతో చేసే పని కాదు. వెనక నుంచి నెమ్మదిగా వచ్చి ఒక్కో ఈకా లాగి తింటాయి, ఎక్కువసార్లు ఒకటి కాదు, రెండు మూడు పెట్టలు కలిసి చేస్తాయి. పొద్దున్నే షెడ్డు నేల చూడండి. వీపు బోసిపోయినా నేల మీద రాలిన ఈకలు కనబడకపోతే వాటిని తింటున్నాయన్నమాట. అలాంటప్పుడు అసీల్‌ని కూర చేసినా తోకలు మిగలవు.

ఇంకో సంగతి. జుట్టు మీద ఉన్నవి పొడిచిన గాట్లేనా, మశూచి పొక్కులా? మశూచి అయితే గట్టిగా, పులిపిరుల్లా లేచి, కళ్ల చుట్టూ, ముక్కు పక్కన కూడా ఉంటాయి. దోమల వల్ల వస్తుంది, వానాకాలం తర్వాత ఎక్కువ. ఆ పొక్కు చిట్లితే మిగతావి అక్కడే పొడుస్తాయి. అప్పుడు దెబ్బతిన్నదాన్ని వేరు చేయక తప్పదు. మెడ నుంచి మొదలై ఒంటినిండా ఈకలు పల్చబడి, ముళ్లలా కొత్తవి మొలుస్తుంటే అది ఏటేటా ఈకలు రాల్చే కాలం, ఎవరి తప్పూ లేదు.

పెరటిమంద_ఏలూరు
పొక్కులు లేవండీ, గాట్లే. నేల మీద ఈకలు నిజంగానే లేవు.

మట్టిపిడత
అయితే ముందు మేత. బియ్యం నూకల్లో మాంసకృత్తులు 8 శాతం, తవుడులో 12 దాకా. రెండూ ఎలా కలిపినా గుడ్లు పెట్టే పెట్టకి కావలసిన 16–17 రావు. ఈకంటేనే మాంసకృత్తు కదా, ఆ కొరతని పక్కదాని తోక నుంచి పూడ్చుకుంటాయి. 10 కిలోలకి లెక్క: మొక్కజొన్న నూక 6 కిలోలు, సోయా చెక్క 2.2, తవుడు 1.6, మిగతా 200 గ్రాముల్లో ఖనిజ మిశ్రమం, అందులోనే 30 గ్రాముల ఉప్పు. సుమారు 17 శాతం వస్తుంది. గుల్లపొడి (ఆల్చిప్పల పొడి) ఇందులో కలపొద్దు, విడిగా చిన్న పళ్లెంలో పెట్టండి, కావలసినది తింటుంది.

ఉప్పు మాట చాలామంది నమ్మరు కానీ, ఉప్పు తక్కువైన మందలో పొడుపులు పెరుగుతాయి. అలాగని నీళ్లలో కలిపితే ప్రమాదం, దాహమేసినది ఎక్కువ తాగి విషమవుతుంది. కిలో దాణాకి 3 గ్రాములు, అర టీస్పూను. వంటింటి మిగులులో పచ్చడి, పులుసు పడుతుంటే ఈ ఉప్పు కూడా తగ్గించాలి.

తవుడుబస్తా
సోయా చెక్క దొరకని ఊళ్లలో వేరుశనగ చెక్క వాడతారు. బూజు పట్టినది మాత్రం వద్దు, ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మునగాకు కట్టనో తోటకూర కట్టనో కోడి తల ఎత్తుకి తాడుతో వేలాడదీస్తే దాన్ని లాగడంలోనే సగం పూట గడిచిపోతుంది.

అసలు ప్రశ్నకి నా జవాబు వేరు. ముక్కు కొన కొద్దిగా కత్తిరించేస్తే సరి. ఫారాల్లో పిల్లలప్పుడే చేస్తారు కదా.

జమ్మిచెట్టు
ఫారంల చేసేది మొదటి పది రోజులల్ల, కాలిన బ్లేడుతోని. అదంత బోనుల ఉండి తొట్టి దాణా తినే కోడికి. పెరట్ల తిరిగే కోడి పురుగు ఏరుకోవాలె, గడ్డి తెంపాలె, ఈకలల్ల పేలు తీసుకోవాలె. పెద్దయినంక ముక్కు కోస్తే లోపల నరాలు ఉంటయి, నొప్పి పోదు, మేత ముట్టదు. కొన దగ్గర తెల్లగ కనబడే భాగం ఒక మిల్లీమీటరు ఆకురాయితోని అరగదీసుడు వేరు. రక్తం రాదు, కొన్ని వారాలల్ల మళ్ల పెరుగుతది. అది కూడ ఆఖరి ఉపాయమే.

ముక్కుకు తగిలించే ప్లాస్టిక్ కళ్లద్దాలు కూడ ఎవరన్న చెప్తరేమో. ఎదురుగ కనబడక పొడవలేదు, నిజమే. కానీ గద్ద, ముంగిస, ఊరకుక్క తిరిగే తావుల కళ్లకు అడ్డం పెట్టుడంటే కోడిని అప్పజెప్పినట్టే.

కోనసీమ_గట్టు
మేత సంగతి సరే, తోక సంగతి ఒప్పుకున్నాను. జుట్టు మీద పొడిచేదానికి మేత మారిస్తే ఏమవుతుందండీ? దాని స్వభావం ఎక్కడికి పోతుంది?

మట్టిపిడత
స్వభావం పోదు. కానీ అది తరిమితే తప్పుకోవడానికి రెండోదానికి చోటుండాలి. తొట్టి ఒక్కటే అయితే కాపలా కాయడం సులువు. తొట్లు రెండు, నీళ్ల బేసిన్లు రెండు, ఒకచోట నిలబడితే రెండోది కనబడనంత దూరంలో పెట్టండి. ఎండాకాలంలో ఇదే ముఖ్యం. 42 డిగ్రీల్లో నీడా నీళ్లూ ఒక్కచోటే ఉంటే పెద్దపెట్ట అక్కణ్ణుంచి కదలదు. షెడ్డు 24 చదరపు అడుగులు, ఎనిమిదింటికి రాత్రి పడకకి చాలు. పొద్దున పది దాకా అందులోనే ఉంచడం మాత్రం చాలా ఎక్కువ. తెల్లారగానే ఒకదాన్నొకటి తోసుకోవడం మొదలవుతుంది, అప్పుడే వదలండి. పడుకునే కర్ర కోడికి ఎనిమిది అంగుళాల లెక్కన ఆరడుగులది సరిపోతుంది. రెండు కర్రలుంటే రెండూ ఒకే ఎత్తులో ఉండాలి, లేకపోతే పైదాని కోసం రోజూ యుద్ధమే. ఆ కర్ర అడుగున రాత్రి టార్చ్ వేసి చూడండి, తెల్లగుడ్డతో రుద్దితే ఎర్రమరకలు వస్తే నల్లులు. నిద్రలేని కోడి కసిగా ఉంటుంది.

ఇవి చేశాక, వేరు చేయాల్సింది పొడిచేదాన్నే. దెబ్బతిన్నదాన్ని తీసి తిరిగి వదిలితే వరుసలో మునుపటికన్నా కిందకి పడుతుంది, అన్నీ కలిసి తరుముతాయి. పొడిచేదాన్ని నాలుగైదు రోజులు కంటికి కనబడని చోట ఉంచితే ఈలోగా మిగతావి వరుస సర్దుకుంటాయి, అది తిరిగొచ్చాక కాస్త ఒదిగి ఉంటుంది. గంప అయితే నీడలో, బరువు పెట్టి, లోపల నీళ్లతో.

రక్తం కారుతున్నంతసేపు మాత్రం దెబ్బతిన్నదాన్ని కూడా కాపాడాలి, ఎరుపు చూస్తే నాటువి కూడా ఆగవు. అది షెడ్డులోనే తీగ బోనులో, మిగతావాటికి కనబడుతూ ఉండాలి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు వేసి గాయం కడిగి, వేపనూనెలో పసుపు కలిపి రాయండి. ఈగ వాలదు. తోలు కట్టాక బయటికి.

తవుడుబస్తా
పుంజుని తెస్తే? పెట్టల మధ్యకి వెళ్లి విడదీస్తుంది కదా.

కోనసీమ_గట్టు
విడదీస్తుంది. ఎనిమిదికి ఒకటంటే నిష్పత్తి కూడా బాగానే ఉంది. అసీల్ పుంజు మాత్రం వద్దు. సంతలో కొన్నదాన్ని నేరుగా మందలో వదలకండి, మూడు వారాలు దూరంగా ఉంచాలి. కొక్కెర తెగులు (రాణిఖేత్) తెచ్చిందంటే పొడిచేదీ పొడిపించుకునేదీ రెండూ పోతాయి.

అసీల్‌కి ఒక్క అవకాశం ఇవ్వమంటే ఇస్తాను. కానీ నాలుగు రోజులు చాలవు, నెల్లాళ్లు విడిగా కట్టండి.

మట్టిపిడత
నెల ఎక్కువండీ. రెండు మూడు వారాలు దాటితే మందకి దాని ముఖం గుర్తుండదు, పరాయి కోడి వచ్చినట్టే కొత్తగా మొదలవుతుంది. అసీల్ రక్తం అలాంటి పోరులో ఎక్కువసార్లు గెలుస్తుంది. ఐదు రోజులు, తర్వాత వదలడం, అవసరమైతే ఇంకోసారి ఐదు. అప్పటికీ జుట్టు మీద రక్తం చూస్తే మీ ఆదివారం మాటకి నేను అడ్డు చెప్పను.

జమ్మిచెట్టు
వదిలేది రాత్రి, కర్ర మీద అన్నీ పండుకున్నంక. పగటిపూట దాణా వేసే యాళ్లకు వదలొద్దు.

కోనసీమ_గట్టు
రాత్రి వదిలితే తెల్లారుజామున మూసిన షెడ్డులో కొట్టుకుంటాయి, మనం చూడం. సాయంత్రం నాలుగింటికి పెరట్లో, పారిపోవడానికి చోటుండగా వదలాలి. చీకటి పడేలోగా రెండు గంటలు కళ్లెదురుగా ఉంటాయి.

జమ్మిచెట్టు
తెల్లారంగనే తలుపు తీసేటోళ్లకు రాత్రే మంచిది. తీయనోళ్లకు నీ మాటే ఖరారు అన్నా.