హెల్వెటియా, హెల్వెటికా, హెల్వెటీ: ఏది కరెక్టు?

జ్యూరిక్_నాన్న:
మేం స్విట్జర్లాండ్‌లో, జ్యూరిక్‌లో ఉంటాం. పాప ఈ ఏడాదే స్కూల్లో లాటిన్ మొదలుపెట్టింది. నిన్న నా చిల్లరంతా బల్ల మీద పోసుకుని కూర్చుంది. 2 ఫ్రాంకుల నాణెం మీద 'హెల్వెటియా' అని ఉంది. పసుపు రంగు 5 రాపెన్ మీద 'కొన్‌ఫోడెరాటియో హెల్వెటికా'. పాఠంలో రోమన్ సేనాని సీజర్ ఏమో 'హెల్వెటీ' అంటాడు. "నాన్నా, వీటిలో ఏది కరెక్టు?" అంది. నాకు తెలిసింది హెల్వెటికా ఫాంట్ ఒక్కటే! రేపే పరీక్ష, ఎవరైనా ఆదుకోండి.

పాత_లాటిన్_పిచ్చి:
మూడూ కరెక్టే, టెన్షన్ వద్దు. హెల్వెటియుస్ అంటే ఒకప్పుడు ఇక్కడ ఉన్న గాల్ తెగవాడు ఒకడు. హెల్వెటీ అంటే ఆ జనమంతా. 'హెల్వెటీల' అనాలంటే హెల్వెటియోరుమ్. మన విభక్తుల్లాగే, మాట చివర మారుతుంది.

హెల్వెటికా విశేషణం. 'కొన్‌ఫోడెరాటియో' అంటే సమాఖ్య, అది లాటిన్‌లో స్త్రీలింగం. అందుకే హెల్వెటికుస్ కాస్తా హెల్వెటికా అయింది. మన గుణవంతుడు, గుణవతి లేవూ, అలాగ.

తమాషా అంతా హెల్వెటియాతోనే. సీజర్ దాన్నీ విశేషణంగానే వాడాడు: 'కివిటాస్ హెల్వెటియా', అంటే హెల్వెటీల రాజ్యం. అదే తర్వాతి కాలంలో దేశం పేరైపోయింది. మీ 2 ఫ్రాంకుల మీద ఈటె, డాలు పట్టుకుని నిలబడ్డ ఆవిడ పేరూ అదే.

జ్యూరిక్_నాన్న:
అయితే కార్ల మీద 'సీహెచ్' కూడా ఇదేనా? ఇన్నేళ్ళూ జర్మన్ మాటకేదో పొట్టి పేరనుకున్నా.

బెర్న్_బావ:
అదే మరి, కొన్‌ఫోడెరాటియో హెల్వెటికా లాటిన్ స్పెల్లింగ్‌లో మొదటి అక్షరాలు సీ, హెచ్. ఇక్కడ జాతీయ భాషలు నాలుగు. జర్మన్‌లో రాస్తే ఫ్రెంచ్ వాళ్ళకి కోపం, ఫ్రెంచ్‌లో రాస్తే జర్మన్ వాళ్ళకి. లాటిన్ అయితే ఎవరి సొంతమూ కాదు, గొడవ లేదు.

పాపకి ఇది కూడా చెప్పండి. క్రీ.పూ. 58లో ఈ హెల్వెటీలు తమ పట్టణాలు ఓ 12, పల్లెలు ఓ 400 తామే తగలబెట్టుకుని పడమటికి బయల్దేరారు. బిబ్రాక్టె దగ్గర సీజర్ ఓడించి వెనక్కి పంపాడు. తోడొచ్చిన తెగలతో కలిపి బయల్దేరింది 3,68,000 మంది, ఇళ్ళు చేరింది 1,10,000 మంది అని రాసుకున్నాడు. గెలిచినవాడి లెక్క కదా, నాకైతే నమ్మబుద్ధి కాదు.

జ్యూరిక్_నాన్న:
పరీక్షలో హెల్వెటియోరుమ్ వచ్చిందట, రాసేసింది. థాంక్స్ అండీ. ఫాంట్ గురించి మాత్రం ఏమీ అడగలేదట.