మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్ చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? కాస్త సాయం కావాలి

నమస్కారమండీ. మాది విజయనగరం. సెలవుల్లో మా వీధి పిల్లలకి న్యూయార్క్‌లోని మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్ (పేరుకే గార్డెన్, నిజానికి ఆటలూ కచేరీలూ జరిగే పెద్ద భవనం) కథ చెప్పాలనుకుంటున్నాను. అది మొదలైంది సర్కస్‌తోనే. 1874లో అమెరికా సర్కస్ యజమాని బార్నమ్ అక్కడ హిప్పోడ్రోమ్ అనే పైకప్పు లేని ప్రదర్శనశాల పెట్టాడు. 1879లో దానికి ఈ పేరొచ్చింది. కోడి రామ్మూర్తి నాయుడు గారి సర్కస్ గురించి విని పెరిగే పిల్లలకి ఇది ఇట్టే ఎక్కుతుంది.

తర్వాత అదే పేరుతో 1890లో ఒక కొత్త భవనం, 1925లో ఇంకొకటి కట్టారు. ఇప్పుడున్నది నాలుగోది, 1968లో తెరిచారు. దానికోసం పెన్ స్టేషన్ అనే రైల్వే స్టేషన్ పాత భవనాన్ని కూలగొట్టారు. ఎంత అందమైన కట్టడమో! జనం మండిపడ్డారు, ఆ కోపమే 1965లో చారిత్రక కట్టడాలను కాపాడే నగర చట్టానికి ఊపునిచ్చింది. పిల్లలకి ఈ ముక్క తప్పకుండా చెప్పాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1971. మార్చిలో అక్కడే బాక్సర్లు మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ తలపడ్డారు. ఆగస్టు 1న బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ. రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ వాద్యాలు శ్రుతి చేసుకుంటుంటేనే జనం చప్పట్లు కొట్టేశారట!

అమెరికాలో ఉన్న మనవాళ్లని అడిగేది ఇదీ: ఐస్ హాకీ మంచు మీద బాస్కెట్‌బాల్ చెక్కనేల పరిచేటప్పుడు దగ్గరుండి చూశారా? ఆ కచేరీకి వెళ్లిన పెద్దవాళ్లు మీకు తెలుసా? మీరు తీసిన ఫొటోలున్నా పంపండి, పిల్లలకి చూపిస్తాను.